డెబ్బది నాలుగున్నర: ఒక మెస్సు యజమాని కాపురము

పరుల జాబు విప్పి చదువరాదన్న నీతి అన్ని జాతులవారికిని తెలిసినదే. అయితే ఆ నీతికి ఒక అంకెను కాపలా నిలిపిన వింత ఆచారము మన దేశమున కొన్ని ప్రాంతములయందు ఉండెడిది. రాజస్థానమున షావుకార్లును, వంగదేశమున సామాన్య గృహస్థులును తమ ఉత్తరముల మీద 74½ అని వ్రాసి పంపెడివారు. ఎవరికి ఉద్దేశింపబడినదో వారు తప్ప మరియొకరు ఆ జాబును విప్పినచో మహాపాతకము చుట్టుకొనునని దాని భావము. లక్క ముద్రను పగులగొట్టుటకు జంకనివాడు కూడ ఈ అంకెను చూచి చేయి వెనుకకు తీసికొనవలెనని వ్రాసినవారి ఆశ.

ఆ పాతకమేదియో తెలుపు ఐతిహ్యము మేవాడులోని చిత్తోడ్ దుర్గమునకు సంబంధించినది. 1567 అక్టోబరులో అక్బరు చక్రవర్తి ఆ కోటను ముట్టడించెను. 1568 ఫిబ్రవరిలో కోట పడిపోయెను. మరణించిన వీరుల యజ్ఞోపవీతములను పోగుచేసి తూచగా 74½ మణుగులు తూగెనని జనులు చెప్పుకొనిరి. కర్నలు టాడ్ రాజస్థాన చరిత్రను వ్రాయుచు ఈ కథను నమోదు చేసెను. ఆతని గ్రంథపు మొదటి సంపుటము 1829లో వెలువడినది. ఆతడు చెప్పిన మణుగు నాలుగు సేర్ల చిన్న మణుగే. అయినను ఆ సంఖ్య వెనుక నున్న దుఃఖము చిన్నది కాదు. చరిత్ర పరిశోధకులు దీనిని ఐతిహ్యముగానే ఎంచవచ్చును గాని, జాబు మీద ఆ అంకెను చూచిన సామాన్యునకు అది శాపమే. చిత్తోడ్ హత్యాపాతకము తన తలమీద పడునని ఆతడు భయపడెను.

ఇంతటి భీకరమైన అంకెను 1953 ఫిబ్రవరిలో కలకత్తాలో ఒక హాస్య చలనచిత్రమునకు పేరుగా పెట్టిరి. 'సాడే చుయాత్తర్' అనగా వంగభాషలో డెబ్బది నాలుగున్నర. దర్శకుడు నిర్మల్ దే. కథారచయిత బిజన్ భట్టాచార్య. కథాస్థలము రాజప్రాసాదము కాదు, పుణ్యక్షేత్రము కాదు. కలకత్తాలోని ఒక మెస్సు. అందు విప్పబడినది వేరొకరి ప్రేమలేఖ. దానివలన కదిలినది ఆ మెస్సు యజమాని కాపురము. వంగదేశమున నేటికిని ముచ్చటగా చెప్పుకొను ఈ చిత్రమును ఉత్తమ్ కుమార్, సుచిత్రా సేన్ తొలిసారి జంటగా కనబడిన చిత్రమని పలువురు జ్ఞాపకము పెట్టుకొందురు. కాని చిత్రమునకు ప్రాణము ఆ యువజంట కాదు. బట్టతల, బొజ్జ, నడివయస్సు గల మెస్సు యజమాని రజనీబాబును, పల్లెటూరిలో ఆతని కొరకు ఎదురుచూచు ఇల్లాలును ఆ చిత్రమునకు నిజమైన నాయికానాయకులు.

ఈ కథ అర్థము కావలెనన్న కలకత్తా మెస్సు అనునది ఏమియో ముందు తెలియవలెను. అన్నమును వెలకు పెట్టు ఇండ్లు తెలుగువారికి క్రొత్త కాదు. ఓరుగల్లు వీధులను వర్ణించిన 'క్రీడాభిరామము'న ఒక రూకకు కమ్మని భోజనము పెట్టు పూటకూళ్ళ ఇంటి ప్రస్తావన కలదు. గురజాడవారి 'కన్యాశుల్కము'న పూటకూళ్ళమ్మ చీపురు పట్టుకొని గిరీశమును వెదకుచు వచ్చిన ఘట్టమును తలచుకొని నవ్వుకొనని తెలుగువాడుండడు. ఆ నవ్వులో కూడ ఒక వ్యథ దాగియున్నది. ఆమె అన్నము పెట్టి జీవించుచున్న ఒంటరి స్త్రీ. తినిపోయినవాడు ఆమెను మోసగించెను. అన్నపు వ్యాపారము, ఇంటి గౌరవము ఒకే కప్పు క్రింద ఉన్నప్పుడు ఒకదాని గాలి మరియొకదానికి తగులక మానదు.

కలకత్తా మెస్సు ఈ పూటకూళ్ళ ఇంటికి పట్నవాసపు సోదరి వంటిది. పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున రైళ్ళు వచ్చినవి. ప్రభుత్వ కార్యాలయములును, వర్తక సంఘములును పెరిగినవి. జిల్లాలనుండి వేలకొలది యువకులు గుమాస్తా పనులకై పట్నమునకు దిగిరి. వారి జీతములకు పట్నములో కుటుంబముతో కాపురముండుట శక్యము కాదు. అందుచేత ఒక పాత ఇంటిని పలువురు కలిసి అద్దెకు తీసికొని, వంటవానిని, నౌకరును పెట్టుకొని, ఖర్చులు పంచుకొనుచు ఉండెడివారు. ఒక్కొక్కచోట యజమాని ఒకడు ఇల్లు తీసికొని మెస్సు నడపెడివాడు. ఒకే జిల్లావారు ఒకే మెస్సున చేరుటయు సాధారణమే. వంగ సాహిత్యమున ఈ మెస్సులకు గొప్ప స్థానము కలదు. శరదిందు బందోపాధ్యాయుడు సృష్టించిన పరిశోధకుడు బ్యోమకేశుడు పాఠకునకు మొదట తారసపడినది ఒక మెస్సులోనే. హాస్యరచయిత శిబ్రాం చక్రవర్తి ముక్తారాం బాబు వీధిలోని మెస్సుగదిలో తన జీవితమును చాలభాగము గడపెను.

ఈ ఇండ్లలో ఉన్నది అన్నము, చాప, పేకముక్కలు, పాట, పరిహాసము. లేనిది స్త్రీ. వివాహితులైన గుమాస్తాల భార్యలు పల్లెలలో అత్తమామలవద్ద ఉండిరి. శనివారమునాడు ఒంటిపూట పని ముగియగానే బాబులు కూరగాయల సంచులతో, పిల్లలకు కొన్న బొమ్మలతో హౌరాకో, సియాల్దాకో పరుగులెత్తెడివారు. సోమవారము ఉదయమున మరల బల్లలముందు కూర్చుండెడివారు. వారమునకు ఒకటిన్నర దినముల కాపురము! ఆనాటి కలకత్తాలో పురుషుల సంఖ్య స్త్రీల సంఖ్యకంటె ఎంతో హెచ్చుగా నుండుటకు ఈ ఏర్పాటు ఒక ముఖ్యకారణము. జనాభా లెక్కలలో అది ఒక అంకె. పల్లెలోని ఇల్లాలికి అది వారమునకు అయిదు రాత్రులు.

రజనీబాబు నడపు 'అన్నపూర్ణా బోర్డింగ్ హౌస్' ఇట్టి మెస్సే. అందు కుర్రవాండ్రు, నడివయస్సువారు, పాటగాండ్రు, పరిహాసకులు ఉందురు. వారి అలుకలు తీర్చుట, బాకీలు వసూలు చేయుట, నౌకరు మదనుని అదుపులో పెట్టుట అంతయు రజనీబాబు పని. ఆతడు కఠినుడు కాడు. లెక్క చూచుకొనును గాని మనస్సు మెత్తన. అద్దె ఇల్లు ఖాళీ చేయవలసి వచ్చిన ఒక కుటుంబము ఆతని ఆశ్రయము కోరుటతో కథ ఆరంభమగును. వారికి రమల అను యౌవనవతియైన కూతురు కలదు. పురుషులే ఉండు మెస్సులోనికి ఆడపిల్ల గల కుటుంబమును రానిత్తురా? ఈ ప్రశ్న మీద మెస్సు సభ్యుల చర్చలు శాసనసభ చర్చలకు తీసిపోవు. కుటుంబము ప్రవేశించును. ప్రవేశించినది మొదలు మెస్సు స్వరూపమే మారును. చిరిగిన బనియనులు మాయమగును. అద్దములయెదుట గుమిగూడుట పెరుగును. సంగీత సాధన బిగ్గరగా సాగును.

మొదట ఆ కుటుంబము రాకకు విముఖుడైన రామప్రీతి అను ధనిక యువకునకును రమలకును క్రమముగా ప్రేమ కుదురును. నౌకరు మదనుడు జాబులు మోయును. ఇంతవరకు ఇది అన్ని చిత్రములలో ఉన్న కథయే. విశేషము తరువాత వచ్చును. ఒక ప్రేమలేఖ తోవ తప్పి రజనీబాబు చేతికి చిక్కి, ఆతనితోపాటు పల్లెకు చేరును. ఇల్లాలి కంటబడును. పట్నములో భర్త ఏమి చేయుచున్నాడో ఆమెకు ఏనాడును తెలియదు. ఇప్పుడు తెలిసినట్లే తోచినది. పిల్లల తండ్రి ఈ వయస్సున ప్రేమలేఖలు అందుకొనుచున్నాడని ఆమె నమ్మును. ఆ అపోహ పెరిగి పెరిగి చివరకు మెస్సు గుమ్మము దాక వచ్చి, యువజంట వివాహవేళకు విడిపోవును.

చూచువారు కడుపుబ్బ నవ్వుదురు. రజనీబాబు నిర్దోషియని ప్రేక్షకునకు తెలియును, ఇల్లాలికి తెలియదు. ప్రహసనములన్నిటికి ఈ ఎరుక తేడాయే మూలధనము. కాని ఈ చిత్రమున ఇల్లాలిని గయ్యాళిగా చూపి చేతులు దులుపుకొనలేదు. ఆ పాత్ర ధరించిన మలినా దేవి కోపములో కన్నీటిని, కన్నీటిలో అభిమానమును కలిపి నటించినది. ఆమె అనుమానమునకు ఆ కాగితము సాకు మాత్రమే. ఏండ్ల తరబడి శని, ఆదివారములకు చుట్టపుచూపుగా వచ్చి పోవు భర్త ఆమెకు లేనట్లే ఉన్నాడు. మెస్సులోని పాతికమంది ఆకలి, అలసట, జ్వరము అన్నియు ఆతనికి తెలియును. ఇంటిలోని నలుగురి సంగతి జాబువలన తెలియవలెను. తనకు కలిగిన లోటును చెప్పుటకు ఆమెకు భాష లేకపోయినది. పరుల ప్రేమలేఖ ఆ భాషను సమకూర్చినది. ఏదియో ఒక అన్యస్త్రీ ఉన్నదని తలచుట, ఏ స్త్రీయు లేకుండనే భర్త దూరమైనాడని ఒప్పుకొనుటకంటె సులభము.

నిజమునకు రజనీబాబుకు అన్యస్త్రీ లేకపోలేదు. ఆమె పేరు అన్నపూర్ణ. ఆమె ఒక బోర్డింగు. యజమానికి వ్యాపారము సవతి వంటిదన్న సత్యము ఈ హాస్యకథ లోపలి పొర. జీతగాడు శనివారము మధ్యాహ్నము కలము మూసి బయటపడగలడు. యజమానికి ఆ వీలైనను పూర్తిగా లేదు. వంటవాడు అలిగినను, బియ్యము నిండుకొన్నను ఆతడే దిక్కు. అన్నము పెట్టువాని ఇంటిలో ఆతని విస్తరి ఖాళీగా ఉండుట ఈ కథలోని విడ్డూరము.

ఈ కథ వ్రాసిన బిజన్ భట్టాచార్య సామాన్యుడు కాడు. 1943 నాటి వంగ క్షామమును రంగస్థలము మీద కన్నులకు కట్టించిన 'నవాన్న' నాటకకర్త ఆతడే. 1944లో ప్రజానాట్యసంఘమువారు ప్రదర్శించిన ఆ నాటకము భారతీయ నాటకరంగమున ఒక మలుపు. పిడికెడు అన్నమునకై కలకత్తా వీధులలో ప్రాణములు విడిచిన రైతులను చిత్రించిన చేతులే దశాబ్దము తిరుగకముందు అన్నపూర్ణ పేర ఒక మెస్సును నిర్మించి నవ్వించినవి. అందుచేతనే కాబోలు ఆ నవ్వులో చులకన లేదు. ఇల్లు లేని కుటుంబము మెస్సు తలుపు తట్టుట 1953లో ప్రేక్షకునకు వట్టి కల్పనగా తోచియుండదు. 1947 దేశవిభజన తరువాత తూర్పు వంగమునుండి లక్షలకొలది జనులు తరలివచ్చుటచే కలకత్తాలో తలదాచుకొను చోటు దొరకుట దుర్లభమైన కాలమది.

ఆ చిత్రమున తూర్పు వంగపు యాసతో అందరిని నవ్వించిన కేదారు పాత్రధారి భాను బందోపాధ్యాయ ఢాకాలో పుట్టినవాడు. 1941లో కలకత్తా చేరి, ఇనుము, ఉక్కు నియంత్రణ కార్యాలయమున ఏండ్ల తరబడి ఉద్యోగము చేయుచునే నటించెను. నాయకుడు ఉత్తమ్ కుమార్, అసలు పేరు అరుణ్ కుమార్ చటర్జీ, కలకత్తా పోర్టు కార్యాలయమున గుమాస్తా. తొలి చిత్రములు వరుసగా విఫలమగుచుండ ఆ గుమాస్తాగిరియే ఆతనికి అన్నము పెట్టెను. నిర్మల్ దే దర్శకత్వమున 1952లో వచ్చిన 'బసు పరివార్' ఆతనిని నిలబెట్టగా, మరుసటి సంవత్సరము ఈ చిత్రము వచ్చెను. నాయిక సుచిత్రా సేన్ తూర్పు వంగములోని పాబ్నా ప్రాంతపు ఆడపడుచు. ఉద్యోగము, వలస, ఇల్లు దొరకకపోవుట — ఇవన్నియు ఆ నటవర్గమునకు స్వయముగా తెలిసిన విషయములే.

ఇక జాబు సంగతి. కలకత్తా జనరల్ పోస్టాఫీసు సౌధము 1868 నాటికి పూర్తియైనది. డల్హౌసీ స్క్వేరు, అనగా నేటి బినయ్-బాదల్-దినేశ్ బాగ్, మూలనున్న ఆ తెల్లని గుమ్మటము క్రిందనుండి ఎన్ని లక్షల కాపురముల క్షేమసమాచారములు నడచిపోయినవో లెక్కించుట ఎవరి తరము? 1879లో కాలణా పోస్టుకార్డు వచ్చెను. 1880లో మనీయార్డరు వచ్చెను. 1950లో ఇన్లాండు లెటరు వచ్చెను. కార్డు మీది మాట ఊరందరిది. మడిచి అంటించిన జాబు ఒక్కరిది. 1898 నాటి పోస్టాఫీసు చట్టము పరుల జాబును అక్రమముగా విప్పిన తపాలా ఉద్యోగికి రెండేండ్ల వరకు శిక్ష విధించుటకు వీలు కల్పించెను. ఆ చట్టము స్థానమున 2023లో క్రొత్త చట్టము చేయబడినది. చిత్తోడ్ శాపము చేయు పనిని ప్రభుత్వము ఒక సెక్షనుతో చేసినదన్నమాట. అయితే శాపమైనను, సెక్షనైనను జాబును తోవలోనే కాపాడగలవు. భర్త చొక్కా జేబులోనున్న జాబును భార్య చూడకుండ కాపాడు చట్టము లేదు. ఉండవలసిన పనియు లేదు. అక్కడ కాపలా ఉండవలసినది నమ్మకము. నమ్మకము జాబులవలన మాత్రమే పెరగదు. కలిసి తిన్న అన్నమువలన పెరుగును. చిత్రమునకు ఆ అంకెను పేరు పెట్టుటలోని చమత్కారము ఇదియే.

వంగభూమికి వలసవచ్చిన తెలుగువారికి ఈ కథ పరాయిది కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే పెరిగిన కాలమున శ్రీకాకుళము, విశాఖపట్టణము, గోదావరి సీమలనుండి ఎందరో ఖరగపూరునకు, గార్డెన్ రీచికి పనులకై చేరిరి. ఖరగపూరు నేటికిని తెలుగు మాట వినబడు పట్టణము. ఆ తొలితరమువారిలో ఒంటరిగా వచ్చి, గదులలో నలుగురైదుగురు కలిసి వండుకొని, మొదటి తారీఖున మనీయార్డరు ఫారము నింపినవారు పెక్కుమంది. వంగదేశపు గుమాస్తాకు శనివారపు రైలైనను ఉండెను. వాల్తేరు దాటి పోవలసిన తెలుగువానికి అదియు లేదు. ఏడాదికొకమారు సెలవే ఆతనికి శనివారము. మనీయార్డరు కూపను మీది చిన్న జాగాలో క్షేమము, పిల్లవాని చదువు, వర్షము, అప్పు అన్నియు ఇమడ్చవలెను. అలుకకు, అనురాగమునకు ఆ కాగితముపై చోటెక్కడ?

ఈ కలకత్తా హాస్యము తెలుగు తెరకు మరియొక తోవన వచ్చినది. 1955 జనవరి 12న విజయావారి 'మిస్సమ్మ' విడుదలయ్యెను. వంగభాష నేర్చి శరత్ నవలలను తెనిగించిన చక్రపాణి దానికి కథాసంవిధానము కూర్చెను. ఎల్. వి. ప్రసాద్ దర్శకుడు; పింగళి నాగేంద్రరావు మాటలు, పాటలు వ్రాసెను; సాలూరి రాజేశ్వరరావు సంగీతము. దాని మూలములు రవీంద్రనాథ మైత్రా వ్రాసిన 'మానమయీ గర్ల్స్ స్కూల్' అను ప్రహసనమును, శరదిందు బందోపాధ్యాయుని 'డిటెక్టివ్' కథయును. ఆ ప్రహసనము 1935లోనే కానన్ దేవి నాయికగా వంగ చలనచిత్రమైనది. 1958లో ఉత్తమ్ కుమారుతో మరల చిత్రమైనది.

ఈ రెండు కథలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో ఒక చక్కని విషయము బోధపడును. 'మిస్సమ్మ'లో బి. ఏ. చదివి పనిలేక తిరుగుచున్న రావు, మేరీ అను ఇరువురు పరాయివారు. అప్పారావుపేట జమీందారు గోపాలముగారి బడికి భార్యాభర్తలైన ఉపాధ్యాయులు కావలెనన్న ప్రకటన చూచి, జీతము కొరకు దంపతులుగా నటింతురు. అక్కడ ఉద్యోగము దంపతులు కానివారిని ఒక ఇంట చేర్చినది. 'సాడే చుయాత్తర్'లో ఉద్యోగము నిజమైన దంపతులను రెండు ఊళ్ళకు విడదీసినది. ఒక ఇంట ఉండి, దినదినమును పోట్లాడుకొనుచు, ఒకరి కష్టము నొకరు చూచుకొనుచున్న రావు, మేరీలు నిజముగా దంపతులగుదురు. తాళి కట్టినవారైనను వేర్వేరు ఊళ్ళలో ఉన్న రజనీబాబు దంపతులు పరాయివారగుదురు. కాపురమును నిలుపునది మంత్రమా, సహవాసమా అన్న ప్రశ్నకు ఈ రెండు హాస్యకథలు రెండు దిక్కులనుండి ఒకే సమాధానము చెప్పినవి.

ఇంటి కరవు నుండి పుట్టిన మరియొక వంగ హాస్యమును కూడ ఇక్కడ చెప్పవలెను. 1955లో 'జయ్ మా కాళీ బోర్డింగ్' అను చిత్రము వచ్చెను. దానినే 1966లో హృషీకేశ్ ముఖర్జీ హిందీలో 'బీవీ ఔర్ మకాన్' అను పేర తీసెను. ఒంటరి యువకులకు ఇల్లు అద్దెకు దొరకక కొందరు స్త్రీవేషములు ధరించి దంపతులవలె చేరుట అందలి కథ. ఆ కథయే మరాఠీలో 1988లో తిరిగి పుట్టి, 1991లో 'చిత్రం భళారే విచిత్రం'గా తెలుగువారిని నవ్వించినది. కలకత్తా మెస్సులో మొలిచిన నవ్వు గోదావరి తీరము చేరుటకు ముప్పది ఆరేండ్లు పట్టినది. అన్నాళ్ళు గడచినను అద్దె ఇంటి యజమాని అడుగు మొదటి ప్రశ్న మాత్రము మారలేదు.

ఉద్యోగము, కాపురము అను ఈ రెండెడ్ల బండిని నడుపుట ప్రభుత్వమునకు కూడ సులువు కాలేదు. 1961 నాటి విదేశాంగ సేవా నియమముల ప్రకారము స్త్రీయైన అధికారి వివాహమాడుటకు అనుమతి పొందవలెను. సంసారము పనికి అడ్డమని తోచినచో రాజీనామా కోరవచ్చును. పురుషునకు ఇట్టి నిబంధన లేదు. ఆ సేవలో ప్రవేశించిన తొలి మహిళ సి. బి. ముత్తమ్మ దీనిని ప్రశ్నింపగా, 1979లో సుప్రీం కోర్టున న్యాయమూర్తి వి. ఆర్. కృష్ణయ్యర్ ఆ నియమములలోని వివక్షను తీవ్రముగా ఖండించెను. కేంద్ర కార్యాలయములకు 1985లో అయిదు దినముల పనివారము వచ్చినది. భార్యాభర్తలిరువురును ఉద్యోగులైనచో సాధ్యమైనంతవరకు ఒకే ఊరిలో నియమింపవలెనని 1986లో కేంద్ర ప్రభుత్వము సూత్రములు వెలువరించెను. 2009లో వానిని మరింత బలపరచెను. 'మిస్సమ్మ'లోని జమీందారు ప్రకటన వెలువడిన ముప్పది ఒకటవ ఏట ప్రభుత్వ ప్రకటన వెలువడినదని చమత్కరింపవచ్చును. అయితే 'సాధ్యమైనంతవరకు' అన్న మాటలో ఎన్ని కాపురములు వేచియున్నవో బదిలీ ఉత్తర్వులు అందుకొనినవారికి తెలియును. ఒక్కరే ఉద్యోగము చేయు ఇండ్లకు ఆ సూత్రములు వర్తింపవు. పిల్లల బడి ఒక ఊరిలో, వృద్ధులైన తలిదండ్రులు ఒక ఊరిలో, ఉద్యోగము ఒక ఊరిలో ఉన్న గృహస్థునకు రజనీబాబు దూరపు చుట్టము కాడు.

రజనీబాబు పాత్రకు ప్రాణముపోసిన తులసీ చక్రవర్తి గూర్చి ఒక మాట. 1899లో జన్మించిన ఆ మహానటుడు రంగస్థలమున పెరిగినవాడు. సత్యజిత్ రాయ్ 'పథేర్ పాంచాలీ'లో అంగడి నడపుచునే పాఠము చెప్పు పంతులు ఆతడే. 1958లో రాయ్ తీసిన 'పరశ్ పాథర్'లో పరుసవేది దొరకిన గుమాస్తాయు ఆతడే. ఆ ఒక్క చిత్రమున తప్ప నాయకపాత్ర ఆతనికి దక్కుట అరుదు. చిన్న పాత్రలు, చిన్న పారితోషికములతో జీవయాత్ర సాగించి, ఆర్థికపు ఇక్కట్లనడుమనే 1961లో కన్నుమూసెను. తెరమీద పరుసవేదితో ఇనుమును బంగారము చేసినవానికి ఇంటిలో బంగారము లేకపోయినది. అందరి కడుపులు నింపి తన ఇంటికి చేరలేని మెస్సు యజమాని వ్యథను అంత సహజముగా నటించుటకు ఆతని జీవితము కూడ తోడ్పడియుండవచ్చును.

నేడు కోల్‌కతాలో ఆ పాత మెస్సులు చాలవరకు మూతపడినవి. మిగిలిన కొన్నింటి మెట్లు అరిగిపోయినవి; గోడలకు రావి మొక్కలు మొలిచినవి. జాబుల మీద 74½ వ్రాయువారు లేరు. జాబులు వ్రాయువారే అరుదైరి. అరచేతిలోని ఫోనులో క్షణములో ముఖము కనబడును, మాట వినబడును. దూరము తరిగినట్లే తోచును. కాని మాట వినబడుట వేరు, మనిషి ఎదుట ఉండుట వేరు. రజనీబాబు ఇల్లాలు కోరినది వార్త కాదు. భర్త తన ఇంట కూర్చుండి, తన చేతి అన్నము తిని, ఏమంత తొందరయని నిదానముగా లేచుట. ఆ కోరిక తీరని ఇంటిలో ఏ కాగితమైనను ప్రేమలేఖగానే కనబడును.

చిత్తోడ్‌లో తూచినది మృతవీరుల జందెములని ఐతిహ్యము చెప్పెను. కలకత్తా మెస్సు గుమ్మమున తూచినది ఒక ఇల్లాలి ఏండ్ల తరబడి ఎదురుచూపు. దాని బరువెంతయో ఏ త్రాసును చెప్పలేదు. డెబ్బది నాలుగున్నర మణుగులకు తక్కువ మాత్రము ఉండదు.